మునిరత్నం మెడ మీద కాటుక గీతలు

2003లో తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో రేడియోథెరపీ టెక్నీషియన్‌గా ఉన్నాను. కోబాల్ట్ మెషిన్ నుంచి వచ్చే గామా కిరణాలను క్యాన్సర్ గడ్డ మీదికి గురిపెట్టడం నా పని. కిరణం కంటికి కనిపించదు కనుక రోగి చర్మం మీద ఊదారంగుతో గీతలు గీస్తాం. చికిత్స ముగిసేదాకా అవి చెరగకూడదు.

మునిరత్నం చిత్తూరు బెల్లం మండీలో వేలం పాడేవాడు. స్వరపేటికలో క్యాన్సర్. గొంతు పోతే బతుకు పోయినట్టే. అయినా మొదటి రోజే బేరానికి దిగాడు.

"ముప్పై దినాలేంది సామీ, ఇరవైకి ముగించు."

కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, నేను ఊరుకుంటానా? "ఇది చింతపండు బేరం కాదన్నా. ముప్పై అంటే ముప్పయ్యే."

రెండో సోమవారం వచ్చినప్పుడు గీతలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. భద్రంగా కాపాడుకున్నాడని మెచ్చుకున్నాను. మిరియాల్లో బొప్పాయి గింజను ఆమడ దూరం నుంచి పట్టే నాకు, నలుపుకూ ఊదాకూ తేడా తెలియలేదు!

ఆ రోజు పోర్ట్ ఫిల్మ్ తీయాలి. ఒక్క క్షణం కిరణం వదిలితే, మెడ దాటి వచ్చిన భాగం అవతలి ఫిల్మ్ మీద పడి తన దారి చూపిస్తుంది. కిరణాల కొలతలు సరిచూసే ఫిజిసిస్ట్ మేడమ్‌ను బతిమాలాను.

"బయట జనం శానా మంది ఉండారు మేడమ్. ఫిల్మ్ రేపు తీద్దాం. గీతలు బాగుండాయి."

"బాగుంటే గోడకి గీసుకోప్పా. కిరణం యాడ పడతా ఉండాదో చూడకుండా నేను సంతకం పెట్టను."

ఫిల్మ్ కడిగి చూస్తే స్వరపేటిక సగం కిరణానికి బయటే ఉంది. దెబ్బ తగలకూడని వెన్నుపాము దాని దారిలోకి వచ్చింది. ఫిల్మ్ చేత్తో పట్టుకునే మునిరత్నం దగ్గరికి వెళ్లాను.

"ఏం చేసినావన్నా?"

మునిరత్నం తల దించుకున్నాడు. "శనివారం మా ఆడది తలంటు పోసింది. సీకాయకు గీతలు పోయినాయి. మీరు తిడతారని కాటుకతో మళ్లా గీసింది సామీ."

మేడమ్ తిట్టలేదు. "మీ ఇంటామె చెయ్యి తిరిగిందే! ఇంకోసారి పోతే పోయినాయని చెప్పు. మేము గీస్తాం." కొలతలు మళ్లీ తీసి, ఇంకో ఫిల్మ్ చూశాకే ఆవిడ చికిత్సకు ఒప్పుకుంది.

ఈమధ్య ప్రోటాన్ చికిత్స గురించి చదివాను. ఆ కిరణం గడ్డలోనే ఆగిపోతుంది, ఫిల్మ్ మీద పడేందుకు అవతలికి రాదు. అందుకని అది దారిలో పుట్టించే గామా కిరణాలను పట్టుకుని, ఎక్కడ ఆగిందో తేలుస్తారట. ఆ తెలివికి కూర్చున్నచోటే దండం పెట్టాను.

అప్పట్లో మునిరత్నం చికిత్స ముగిసిన కొన్ని నెలలకు చిత్తూరు మండీకి వెళ్లాను. అతని గొంతు కాస్త బొంగురుపోయినా చివరి వరుసదాకా వినిపించింది. ఆ సోమవారం మేడమ్ నా మాట విని ఉంటే? ఆ తర్వాత ఫిల్మ్ రేపు తీద్దామని నేను ఎవరినీ అడగలేదు.