బ్రహ్మచారి సారు ఆర్పిన లైట్లు

సికింద్రాబాద్ పరిశోధనశాలలో కరెంటు పోయినా ఎవరూ ఫిర్యాదు చేసేవాళ్లు కారు. బ్రహ్మచారి సారే అనుకునేవాళ్లు. లైటు కనబడితే ఆర్పేయడం ఆయన జబ్బు.

ఉద్యోగం అలాంటిది మరి. జెల్లీచేపలో ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువును సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి బతికున్న కణంలోకి పంపిస్తే, లోపలి పోగులు వెలుగుతూ కనిపిస్తాయి. ఊరంతా కంప్యూటర్ల వెంట పడుతుంటే ఈయన చీకట్లో కూచుని చేప వెలుగు చూసేవాడు. ఏం భోగం!

ఓసారి మీటింగులో జ్ఞానమణి మేడమ్‌ను డైరెక్టరు అందరి ముందూ దులిపేస్తున్నాడు. టప్పున లైటు పోయింది.

"వెలుగుంటే కణాలు పరేషానైతయ్ సార్," అన్నాడు బ్రహ్మచారి సారు స్విచ్చు దగ్గర్నుంచి.

"ఇక్కడ కణాలెక్కడివయ్యా?"

"మీ ఒంట్ల లేవా సార్?"

తిరుమలగిరి ఫంక్షన్‌హాల్లో అటెండరు దేముడుబాబు కూతురి అప్పగింతలప్పుడూ ఇదే నిర్వాకం. వీడియో అతను లబోదిబోమన్నాడు. దేముడుబాబు మాత్రం కండువా నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు.

ఇంతటి మహానుభావుడి దగ్గర లాస్య పరిశోధనకు చేరింది. ఆయన మీద పంతంతో గదిలో లైటు వేసుకునే మైక్రోస్కోపులో చూసేది. ఆమె కణాలు ఒక్కసారీ వెలగలేదు. చిలకలగూడలో వాళ్ల నాన్న ఆఖరి మాట చెప్పేశాడు: "శుక్రవారం దాకా చూస్త. వెలగకుంటే జావా క్లాసులు షురూ. పక్కింటి పిల్ల సుత గదే నేర్చుకున్నది."

శుక్రవారం వచ్చింది. సారు పక్కన నిలబడగా లాస్య మైక్రోస్కోపులో చూసింది. ఏమీ లేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. గాజు తలుపు అవతల తోటి విద్యార్థులంతా తొంగిచూస్తున్నారు.

"నాతోని కాదు సార్..." అంటూ తలుపు వైపు నుంచి మొహం తిప్పుకుంది.

టప్. చీకటి.

లాస్యకు ఒళ్లు మండిపోయింది. "ఏంది సార్ గిది, ఇప్పుడు సుతనా?"

"కణాలు పరేషానైతయ్. జెర ఆగు."

చీకటి కదా, ఇంక దాచుకోలేదు. కరువుతీరా ఏడ్చింది. ఏడుస్తుంటేనే పరిశోధనశాలలో అందరూ చెప్పుకునే కథలు గుర్తొచ్చాయి: తిట్లు తిన్న జ్ఞానమణి మేడమ్, కండువా నోట్లో కుక్కుకున్న దేముడుబాబు. ఓరి దేవుడో, ఈయన ఆర్పింది కణాల కోసం కాదు!

"అయ్యిందా బిడ్డా?" అన్నాడు సారు. "లైట్ల ఉన్న కండ్లకు సన్నపు మెరుపు కానరాదు. చీకటికి అలవాటు పడాలె. ఇప్పుడు జూడు."

ఆకుపచ్చ పోగులు! కణం నిండా!

"వెలిగినయ్ సార్! వెలిగినయ్!"

సారు వంగి చూశాడు. ఎంతకీ తలెత్తడే! ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది.

అంతలో దేముడుబాబు టీలు పట్టుకొచ్చాడు. "ఏటమ్మా, ఈ సీకటేటి?" అంటూ స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"వద్దు కాకా," అంది లాస్య గబగబా. "కణాలు పరేషానైతయ్."