సన్యాసి కట్టిన ఆకు

ఒక మనిషి మీద నేను వేసిన నింద ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉంది. అతను కూడా దాన్ని మోశాడు. నా కంటే ఎక్కువే మోశాడు. తేడా ఏమిటంటే, అది నిజమని అతను నమ్మాడు. కాదని నాకు తెలుసు.

నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పనిలో నాకు వంక పెట్టినవాళ్లు లేరు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట. నా దగ్గరికి కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటి రోజు సూదులు మరగబెట్టడమే నేర్పాను. గిన్నె ముందు స్టూలు వేసి కూర్చోబెట్టేదాన్ని. మధ్యలో లేచిందంటే నా నోటికి దొరికిపోయినట్టే. ఆ తర్వాతి పాఠం, సూది వేసిన చోట రోగుల్ని ఏ ఆకూ కట్టుకోనివ్వకూడదని. అక్కడ మాత్రం ఒక కథ చెప్పేదాన్ని. కొండ మీంచి వచ్చిన ఒకాయన ఆకు కట్టి పెళ్లాం కాలు పాడుచేశాడని. పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు.

ఆ కథ అబద్ధం.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అనకాపల్లిలో ఒక చిన్న ఆస్పత్రిలో మేం ఆరుగురం ఆడపిల్లలం పని నేర్చుకుంటున్నాం. మాది మునగపాక పక్క పల్లె, చెరకు పండించే ఇల్లు. బెల్లం పెనం కింద ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తూ పెరిగినదాన్ని. ఆస్పత్రిలో కిరసనాయిలు దొరక్క స్టవ్వులు మూలపడ్డాయి. తడి పుల్లలతో పొగే తప్ప మంట లేదు. పిప్పి తెప్పించండి, సూదుల సంగతి నేను చూసుకుంటాను అన్నాను. చిటికెలో నీళ్లు మరిగించి చూపించాను. మా పెద్ద నర్సమ్మ అంతటి ఆవిడే మెచ్చుకుంది. తోటి పిల్లలు నన్ను బెల్లం నర్సమ్మ అని ఏడిపించేవారు. నాకది బిరుదులాగే ఉండేది.

పిప్పి భగ్గున అంటుకుంటుంది. అంత తొందరగానూ బూడిదవుతుంది. పక్కనే కూర్చుని ఎగదోస్తూ ఉండాలి, అందుకే బెల్లం పొయ్యి దగ్గర మనిషి కదలడు. ఆస్పత్రిలో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

సూదులు ఇరవై నిమిషాలు మరగాలి. ఆ రోజు పొద్దున్న నీళ్లు మరగడం మొదలవగానే గోడ గడియారం చూసి వరండాలోకి వెళ్లాను. మా ఆరుగురిలో నా స్నేహితురాలు ఒకతె వాళ్ల ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదువుతోంది. అందులో ఎవరి పెళ్లి సంగతులో ఉన్నాయి. విని, నవ్వుకుని, సరిగ్గా ఇరవై నిమిషాలకి తిరిగొచ్చాను. గడియారం లెక్క తప్పలేదు. పొయ్యిలో మాత్రం బూడిద ఉంది. నీళ్లు వేడిగానే ఉన్నాయి, ఒక్క బుడగ లేదు. మంట ఎప్పుడు ఆరింది? ఐదు నిమిషాలకా, పదికా? మళ్లీ మొదట్నుంచి మరగబెట్టాలి, అదే మాకు నేర్పింది. లోపల సూదులకోసం కేకలేస్తున్నారు. పిప్పిని నమ్ముకుంటే ఇంతే అని అందరూ అంటారు. ఆ మాట పడలేననిపించింది. మరిగాయా అని పెద్ద నర్సమ్మ అడిగితే, మరిగాయన్నాను.

ఆ సూదుల్లో ఒకటి కొండమ్మకి వేశారు. మాకవరపాలెం అవతల కొండవార మెట్ట చేసుకునే మనిషి. చలిజ్వరంతో వచ్చింది. మొగుడి పేరు సన్యాసి. ఇద్దరూ సత్రంలో దిగి, రోజూ వచ్చి క్వినైను సూది వేయించుకుని వెళ్లేవారు. వారం తిరిగేసరికి ఆమె తుంటి మీద సూది వేసిన చోట గడ్డ కట్టి చీము పట్టింది. డాక్టరుగారు చూసేసరికి దాని మీద ఆకుపచ్చ పసరు అంటి ఉంది. సన్యాసి వాళ్ల ఊళ్లో ఆకు మందు తెలిసినవాడు, దెబ్బలకీ కురుపులకీ అందరూ అతని దగ్గరికే వచ్చేవారట. డాక్టరుగారు మండిపడ్డారు. ఇంక ఎవరూ సూదుల గిన్నె వైపు చూడలేదు. గడ్డ కోశారు. కొండమ్మ బతికింది కానీ ఆ కాలు మళ్లీ తిన్నగా సాగలేదు.

ఇంటికి వెళ్లే రోజు సన్యాసి మెట్ల దగ్గర నన్నాపాడు.

“నర్సమ్మగోరూ, నిజిం సెప్పండి. నానే సేసేనా దీనికి?”

“సూదేసిన సోట ఆకులు కట్టకూడదు.”

“ఆ మాట నాకెవులూ సెప్పలేదమ్మా. సెబితే కడతానా?”

“పసరు తగిల్తే ఇలాగే అవుద్ది,” అన్నాను.

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. “అయితే నానే సేసేను,” అని కొండమ్మని పట్టుకుని మెట్లు దింపాడు.

రెండేళ్లకి మాకవరపాలెం సంతలో కనిపించారు. రెండు బుట్టలూ అతని నెత్తిమీదే ఉన్నాయి. ఆమె కుంటుతూ వెనక వస్తోంది. నన్ను చూసి దణ్ణం పెట్టాడు. ఆకులు ముట్టడం మానేశానని, ఎవరొచ్చి అడిగినా ఇవ్వనని, అది నాకు చెప్పాల్సిన మాటలా చెప్పాడు. నేను తలూపాను. మంచి పని చేశావన్నాను కూడా. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమేస్తుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. క్వినైను సూది ఎంత శుభ్రంగా వేసినా గడ్డ కట్టొచ్చు కదా? కట్టొచ్చు. ఆ పొద్దున అవే సూదులతో వేయించుకున్న మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు కదా? కాలేదు. ఈ రెండు మాటలూ పట్టుకునే నేను ఇన్నేళ్లు నిద్రపోయాను. సూది వల్లో కాదో ఎవరూ తేల్చలేరు. కానీ ఆకు సంగతి అలా కాదు. అది తేలే ఉంది. నాకు తెలిసి ఉంది.

ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లానా? లేదు. ఇప్పుడు వెళ్లినా ఎవరుంటారు? నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరివ్వగలిగేది కాదు. ఒక్కటి మాత్రం ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పొద్దుటి సూది వేసిన మూడో రోజు, మళ్లీ సూదికి వచ్చినప్పుడు కొండమ్మ నొప్పిగా ఉందంది. చీర తప్పించి చూశాను. ఎర్రగా, గట్టిగా, ముట్టుకుంటే కాలేటంత వేడిగా వాపు ఉంది. తగ్గిపోతుందిలే అన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ వాపు చూసి తట్టుకోలేక సన్యాసి ఆకు కట్టింది నాలుగో రోజు.