ఆ మేడ ఖాళీగా లేదు

మా పెద్దమ్మ పోయిన శుక్రవారం ఉదయం కువైట్‌లో, అబూ హలీఫాలోని నా గదిలో, ప్రార్థనకు బయల్దేరుతూ చనిపోయింది. ఒక కాలికే చెప్పు తొడుక్కుంది.

నలభై ఏళ్ళ కిందట గోదావరి నుంచి వచ్చి, కువైట్ నగరంలో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత మేడలో పనికి కుదిరింది. ఒక ముత్యాల వ్యాపారి సముద్రపు రాయితో కట్టించిన మేడ అది. గాలికి ఉప్పు పడుతుందని రోజూ తడిగుడ్డతో కిటికీలు తుడిచేది. నా అద్దె గదిలోనూ ఆ అలవాటు మానలేదు. మగవాళ్ళు అతిథులతో కూర్చునే హాలును అక్కడ దివానియా అంటారు. పెద్దమ్మ దివాణం అనేది. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే.

"మా తాత, జమీందారు గారి దివాణం గేటు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడే. నేను ఈ దివాణానికి లోపల్నించి గడియ పెట్టి పడుకున్నాను."

అది ఉత్త గొప్ప కాదు. తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు యజమానులు సౌదీకి వెళ్ళిపోయారు. మనవాళ్ళు ఇండియా విమానాల కోసం జోర్డాన్ బస్సులెక్కారు. మామా, అంటే ఇంటి యజమానురాలు, తాళాలు చేతికిచ్చిందని పెద్దమ్మ ఒక్కతే ఆగిపోయింది. ఏడు నెలలు సామాన్ల గదిలో పడుకుంది. తివాచీల కోసం వచ్చిన సిపాయిలకు గుమ్మంలో నిలబడి ఖలాస్, అన్నీ అయిపోయాయని చెప్పింది. తివాచీలు ఆవిడ పరుపు కిందే ఉన్నాయి.

ఇప్పుడు ఆ మేడను చూడడానికి అందరినీ రానిస్తున్నారు. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటి మనిషిని నేను. పంపింది ఆవిడే. మొన్న చలికాలం నన్ను తీసుకెళ్ళి గుమ్మం పక్కనున్న చరిత్ర బోర్డు చదవమంది. ముత్యాలు, కొడుకులు, విందులు. ఆక్రమణ కాలంలో ఇల్లు ఖాళీగా ఉంది, అని చదివాను.

"ఖాళీగానా? మరి నేనెవర్నే, పిల్లినా?" అంది. "మార్పించు. చదువుకున్నావుగా."

ఆ మేడను చూసుకునేవాళ్ళ ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళాను. ఆధారం అడిగారు. ఆవిడే బయట బెంచీ మీద కూర్చుంది, పిలవనా అన్నాను. కాగితం కావాలన్నారు.

పెద్దమ్మను పెట్టెలో ఊరికి పంపిన మర్నాడు మళ్ళీ ఆ మేడకు వెళ్ళాను. బోర్డు మారేదాకా సెలవు దొరికినప్పుడల్లా వెళ్తాను. గైడు సందర్శకులకు ఆ వాక్యమే చెబుతున్నాడు. ఖాళీగా లేదు, మా పెద్దమ్మ ఉంది, అన్నాను. గుంపులో ఒక కువైటీ ముసలావిడ, ఎక్కడ పడుకునేదని అడిగింది. సామాన్ల గది చూపించాను. ఆ తలుపు బాగా పొట్టి. ఆవిడ కాళ్ళదాకా ఉన్న నల్లటి అబాయా అంచు ఎత్తిపట్టుకుని, తల వంచి లోపలికి వెళ్ళింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళు, ఒక్కొక్కరే తల వంచుతూ.