ఫ్రెంచి నవల మీద బెల్లంపల్లిలో పంచాయితీ

"బొగ్గు తవ్వేవాళ్ళకు యూరప్ సాహిత్యం, చిత్రకళ దేనికండీ?" అని హైదరాబాదులో ఒక పండితుడు నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వే నన్ను బెల్లంపల్లికి పంపింది. అక్కడి కార్మికుల పఠనమందిరంలో మిషన్ బడి టీచరు సుగుణమ్మ నవలలు చదివే బృందాన్ని నడుపుతోంది. ఈ ఆదివారం దాన్ని మూసేసే మాట వచ్చిందని, ఎవరైనా వచ్చి మాట్లాడమని మాకు కబురు పెట్టింది. పండితుడు రానన్నాడు. సరే, అరవడానికి నేనున్నాను కదా!

కరీంనగర్‌లో తెల్లవారుజామున మొదటి బస్సెక్కితే పెద్దపల్లిలో ఉత్తరానికి పోయే ప్యాసింజరు అందుతుంది. మూడో తరగతిలో పోతే బస్సూ రైలూ కలిపి మూడు రూపాయలు దాటదు. గోదావరి వంతెన దాటి మంచిర్యాల వచ్చేదాకా బండి బాగానే నడిచింది. ఆ తర్వాత బొగ్గు వ్యాగన్లకు దారిచ్చి ఎక్కడపడితే అక్కడ ఆగింది. దేశానికి బొగ్గు ముందు, మనుషులు వెనక. పన్నెండు కాకముందే దిగి రిక్షా ఎక్కాను.

"గా మందిరంల ఇయ్యాల పెద్ద లొల్లి ఉన్నది సారూ, ఎవరో ఫ్రాన్సు ఆమె మీద" అన్నాడు రిక్షావాలా.

"నీకెట్లా తెలుసు?"

"ఊరంత తెలుసు. నేనైతే ఆమె దిక్కే."

లొల్లి ఏమిటో సుగుణమ్మ గుమ్మంలోనే చెప్పింది. గనిలోంచి పైకొచ్చిన షిఫ్టు, దిగబోయే షిఫ్టుకు గని నోటి దగ్గర పని అప్పజెప్పాలి. ఎక్కడ గని పైకప్పు వదులుగా ఉంది, ఎక్కడ నీరు ఊరుతోంది, అన్నీ నోటితోనే. నవల తెలుగు అనువాదం ఒకే ప్రతి ఉండటంతో చదువూ అలాగే సాగింది. ఒక షిఫ్టు ఒక అధ్యాయం చదివి, కథ అప్పజెప్పి, పుస్తకం చేతికిస్తుంది. తర్వాతి షిఫ్టు ముందుకు చదువుతుంది. ఇప్పటి నవలలో ఒక ఫ్రెంచి మిల్లులో సమ్మె నడుస్తుండగా వంటమనిషి యజమాని ఇంటికి తిరిగి పనికి పోతుంది. ఆమె సమ్మె పిల్లలకు కొంగులో అన్నం మూట కట్టి తెచ్చేదని మొదటి షిఫ్టు రాజేశం అప్పజెప్పాడు. రెండో షిఫ్టు పోశం ముందుకు చదివి, అన్నమూ లేదు, మూటా లేదు, ఆమె ద్రోహి అని తేల్చాడు. ఇప్పుడు ఇద్దరి మధ్యా మాటల్లేవు.

లోపల అందరూ కూర్చున్నాక మందిరం పెద్ద ఓదెలు లేచాడు. "కథ కోసం గిట్ల మాటలు బంద్ చేస్తే, దిగేటోనికి కప్పు సంగతి ఎవడు చెప్తడు? మొన్న పోశం ఏం తెల్వకుంటనే దిగిండు. జర అయితే పానం పోతుండె. గీ చదువు మనకొద్దు."

నాకు ఒళ్ళు మండింది. "ఫ్రాన్సులో కొంగెక్కడిదయ్యా?" అని రాజేశం మీద పడ్డాను.

"కొంగు లేకుంటే గౌను జేబుల తెస్తది. పిల్లలు ఆకలికి సస్తుంటే ఉత్త చేతులతోని వస్తదా?"

సుగుణమ్మ పేజీ తీసి చదివింది. ఆమె వెనక్కి చూడకుండా గేటు లోపలికి వెళ్ళిందని ఉంది, అంతే. నేను తెచ్చిన ఒక డచ్చి చిత్రం అచ్చుప్రతిని సంచిలోంచి తీసి ఇచ్చాను, అది చేతులు మారింది. వంటింట్లో ఒక పనిమనిషి నిలబడి ఉంది. ఆమె మనసులో ఏముందో చెప్పమన్నాను. ఒకడు అలసట అన్నాడు, ఇంకొకడు పొగరన్నాడు. "చూశారా! బొమ్మ చూపించేది కొంత, మనం పెట్టేది కొంత. ఆ రెంటినీ విడదీయడమే విమర్శ. పుస్తకం చెప్పకుండా వదిలిన ఖాళీలో రాజేశం తన ఆకలి పెట్టాడు, పోశం తన కోపం పెట్టాడు. పుస్తకాన్ని పట్టి అడగండి, ఒకరి గొంతు ఒకరు పట్టుకోకండి!"

"మరి గనికాడ?" అన్నాడు ఓదెలు.

"గనికాడ కథ వద్దు ఓదెలన్నా," అంది సుగుణమ్మ. "పుస్తకం నా దగ్గర ఉంటది. ఆదివారం గని బంద్ కదా, మూడు షిఫ్టులు ఒక్కకాడ కూసుంటే, అందరు వినంగ నేను చదువుత. కొట్లాడేది ఈడ్నే కొట్లాడుండ్రి."

"ఆదివారం అంగడి, కల్లు..." అని ఎవరో గొణిగారు.

"కల్లు మాపటికి తాగు," అన్నాడు ఓదెలు. "రాజేశం, రేపు పైకొచ్చినంక కప్పు సంగతి నోరు తెరిచి చెప్పాలె."

"చెప్త. వీడు వింటడా?"

పోశం గోడవైపు చూస్తూ అన్నాడు: "అన్నం సంగతి ఎత్తకుంటే, కప్పు సంగతి వింట."

బల్లలు దగ్గరికి జరిగాయి. సుగుణమ్మ తర్వాతి అధ్యాయం మొదలుపెట్టింది.

తిరుగు బండిలో కూడా నా కోపం చల్లారలేదు, కానీ దిక్కు మారింది. రచన తప్ప బయటి లోకాన్ని చూడొద్దనే పండితులతో నాకు పేచీ ఉంది. యజమాని ఎవరో తెలిస్తే చాలు, పేజీ తిప్పనక్కర్లేదనే మా అభ్యుదయ విమర్శకులతో అంతకన్నా పెద్ద పేచీ ఉంది. ఎక్కడో ఫ్రాన్సులో ఒక వంటమనిషికి న్యాయం జరగాలని ఇక్కడ మాటలు మానేసుకునే మనుషులున్నారంటే ఆ సాహిత్యం వీళ్ళది కాదనడానికి ఎవరికి హక్కుంది? మీరు వెళ్ళదలిస్తే ఆదివారమే వెళ్ళండి, మిగతా రోజుల్లో సగం ఊరు గనిలో, సగం ఊరు నిద్రలో ఉంటుంది.