మునిసిపాలిటీలో చనిపోయిన మా అత్తయ్య

మా అత్తయ్య మొదటిసారి చనిపోయిన రోజున నేను ఆవిడ పక్కనే కూచుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఆవిడా తీస్తోంది, నాకంటే వేగంగా. ఆవిడ చనిపోయిన సంగతి మా ఇద్దరికీ కొన్ని నెలల దాకా తెలియలేదు.

యుద్ధం రోజులవి. విజయవాడను అప్పుడు బెజవాడ అనేవాళ్ళం. నేను చల్లపల్లి దగ్గర పల్లెటూరి నుంచి కాపురానికొచ్చి ఎంతో కాలం కాలేదు. ఏలూరు కాలవ ఒడ్డున అద్దె ఇంట్లో మా వారూ, నేనూ, అత్తయ్యా ఉండేవాళ్ళం. మా వారు ఒక బట్టల కొట్టులో గుమాస్తా. బియ్యానికీ, పంచదారకీ, కిరసనాయిలుకీ అన్నిటికీ రేషను కార్డే. పుట్టింట్లో గాదెల నిండా ధాన్యం చూసి పెరిగినదాన్ని, కృష్ణ నీళ్ళు పారే ఊళ్ళో బియ్యం కోసం వరసలో నిలబడాల్సి వచ్చిందే అని నాకు ఒళ్ళు మండిపోయేది. ఇచ్చేది కూడా ముక్కిపోయిన బియ్యం. చేటలో పోస్తే ఏరినకొద్దీ రాళ్ళు, రాళ్ళయిపోతే పురుగులు. వరసలో నిలబడ్డ వాళ్ళంతా ఆ బియ్యాన్ని తిట్టేవాళ్ళే, మా అత్తయ్య ఒక్కతె తప్ప.

ఆవిడకు ఆ బియ్యమంటే ప్రాణం. చంటిబిడ్డ చంకలో ఉండగానే భర్త పోతే ఆవిడ పుట్టింటికి, తమ్ముడి దగ్గరికి చేరింది. మా వారు సంపాదనపరులయ్యేదాకా అక్కడే ఉంది. తమ్ముడు మంచివాడే. కానీ ఒకనాడు వడ్డన వేళ ఆ ఇంటి పెద్దలెవరో "ఈ కొంపలో విస్తళ్ళు ఎక్కువయ్యాయి" అన్నారట. ఎవరన్నారో ఎప్పుడూ చెప్పలేదు గాని, ఆ మాట మాత్రం నిన్న విన్నట్టే చెప్పేది. ఆ తర్వాత కొడుకు ఇంట్లో తిన్నా అది కొడుకు అన్నమే గాని తనది కాదని ఆవిడ లెక్క. అలాంటిది, రేషను కార్డు వచ్చేసరికి అందులో తన పేరు, పేరుకెదురుగా తన వాటా. "బుద్ధెరిగాక నా పేరున బియ్యం ఇచ్చినవాడు ఆ తెల్లదొర ఒక్కడేనే అమ్మాయ్" అని మురిసిపోయేది. తన వాటా విడిగా డబ్బాలో పోయించుకుని, తనే రాళ్ళేరుకుని, ఎసట్లో పోసేటప్పుడు తన గుప్పెడు తనే తెచ్చి కలిపేది. నాకిదంతా చాదస్తంగా ఉండేది. పైకి అంటే నాలుగు తగిలిస్తుందని ఊరుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున వడియాలకు కాపలా కూచున్న అత్తయ్యను కాకి తలమీద తన్నిపోయింది. కాకి తన్నితే చావు దగ్గరపడ్డట్టని మా వైపు ఎవరినడిగినా చెబుతారు. విరుగుడు కూడా వాళ్ళే చెబుతారు. ఆ మనిషి పోయిందని దగ్గరి చుట్టానికి అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. వెనకాలే అసలు సంగతి చెప్పి పంపితే వాళ్ళు నాలుగు తిట్టి, తలమీద నీళ్ళు పోసుకుని ఊరుకుంటారు. అయితే దొంగేడుపు పనికిరాదు. అందుకని ఎవరు నిజంగా ఏడుస్తారన్నది పెద్ద చిక్కు.

అత్తయ్య చుట్టాలందరినీ పేరుపేరునా తలుచుకుని ఒక్కొక్కరినే తీసిపారేసింది. ఆడపడుచు ఏడవదు, నగలెవరికి రాసిందని అడుగుతుంది. తోటికోడలు బ్రహ్మాండంగా ఏడుస్తుంది గాని ఎవరు పోయినా అంతే ఏడుస్తుంది. చివరికి "నా తమ్ముడికి పంపు. వాడు కోపిష్ఠే గాని వాడి ఏడుపులో కల్తీ ఉండదు" అంది. ఆ తమ్ముడు వన్ టౌన్‌లో మంగళగిరి చీరల కొట్టు పెట్టుకున్నాయన. మా వారికి మేనమామ, నాకు వరసకు బాబాయి. అటు పాలు పోసే మనిషి చేత చావు కబురు పంపాం. కాసేపాగి కూరల మనిషి చేత బతుకు కబురు పంపాం. ఆ తర్వాత చింతపండు ముందేసుకుని అరుగు మీద కూచున్నాం.

బాబాయిగారు పద్ధతి మనిషన్న సంగతి మాకు తట్టలేదు. కబురు వినగానే ఆయన కొట్లోనే తల బాదుకుని ఏడ్చారట. ఏడుస్తూనే కొట్టు మూయించి, ఏడుస్తూనే మునిసిపాలిటీ ఆఫీసుకు నడిచారు. పోయినవాళ్ళ పేరున రేషను తీసుకుంటే కేసు పెడతారని ఆ రోజుల్లో ఊరంతా చెప్పుకునేవాళ్ళు. శవం లేవకముందే మరణం రాయించేస్తే మేనల్లుడి మీదికి ఏ మాటా రాదని ఆయన ముందుచూపు. అక్కణ్ణించి కట్టెల అడితికి వెళ్ళి వెదురు బొంగులూ, కొత్త కుండా కొని తోపుడుబండి మీద వేయించుకుని మా ఇంటికి బయల్దేరారు. మా రెండో కబురు ఆయన మూసిన కొట్టు తలుపులు చూసి తిరిగొచ్చింది.

వీధి మొగలోంచే "అక్కా" అని ఏడుస్తూ వచ్చిన మనిషి, అరుగు మీది అక్కను చూసి బండి పక్కనే చతికిలబడ్డారు. అత్తయ్య ముఖం చూడాలి అప్పుడు. తమ్ముడి వాచిన కళ్ళను ఎగాదిగా చూసి, గండం మొదలంటా పోయిందని తేల్చుకుని, నన్ను లోపలికెళ్ళి కాఫీ కలపమంది. ఆయన కాఫీ ముట్టలేదు. కాకి సంగతి వినేసరికి ఏడుపు కాస్తా కోపంలోకి దిగింది. నన్నూ, కాకినీ, పాలమనిషినీ కలిపి తిట్టి, చెయ్యాల్సిందంతా చేసే వచ్చాను, ఇక నా గుమ్మం తొక్కకండి అనేసి వెళ్ళిపోయారు. చెయ్యాల్సిందంతా అంటే బొంగులు కొనడమే అనుకున్నాం. వాటితో మరో తంటా. అలాంటి పనికి తెచ్చినవి ఇంట్లో పెట్టుకోకూడదు, అడితిలో వెనక్కి తీసుకోరు, బండివాడు చస్తే ముట్టుకోనన్నాడు. చివరికి కాలవలో పోతున్న పడవవాడెవరో గడకర్రలకు పనికొస్తాయని పట్టుకుపోయాడు. ఎందుకు తెచ్చినవని అతను అడగలేదు, మేమూ చెప్పలేదు.

కొన్ని నెలలకు కార్డుల తనిఖీ వచ్చింది. రేషను కొట్టాయన అత్తయ్య పేరు మీద అడ్డంగా ఎర్రగీత గీసి, పాపం ఎప్పుడు పోయారండీ అని మా వారిని పరామర్శించాడు. ఆవిడ సంచీ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. నేనేనయ్యా అంది. అతను ఆవిడ వంక ఒకసారి, కార్డు వంక ఒకసారి చూసి, తనకు పైనుంచి జాబితా వచ్చిందని, జాబితాలో లేనివాళ్ళకు బియ్యం కొలవలేనని చెప్పాడు.

ఇంటికొచ్చేదాకా ఆవిడకు నవ్వులాటగానే ఉంది. మధ్యాహ్నం అన్నం వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఎవరి వాటా?"

"మనదే అత్తయ్యా."

"మీ ఇద్దరిదీ. నాది కొట్టేశారుగా" అని లేచిపోయింది.

ఆ పూట నుంచి ఆవిడ అన్నం మానేసింది. చిలగడదుంపలు ఉడకేసుకుని తినేది. మా వారు కాళ్ళు పట్టుకున్నారు, నేను అలిగాను, ఇద్దరం పస్తుంటామని బెదిరించాం. దేనికీ లొంగలేదు. ఈలోగా కొత్తకోడలు అత్తకు దుంపలు పడేసి తను సుబ్బరంగా అన్నం తింటోందని పక్కవాటాలో అనుకుంటున్నట్టు నా చెవిన పడింది. నాకొచ్చిన ఉక్రోషం ఇంతా అంతా కాదు. వంటింట్లో గిన్నెలన్నీ నా చేతిలో సొట్టలు పడ్డాయి. కానీ రోజులు గడిచేకొద్దీ ఉక్రోషం పోయి భయం పట్టుకుంది. మనిషి పుల్లలా అయిపోతోంది. చేదబావి దగ్గర సగం చేంతాడు లాగి ఆయాసపడుతూ గట్టు మీద కూచోవడం చూశాను. మునిసిపాలిటీవాళ్ళు రాసుకున్న మాట నిజమయ్యేలా ఉందని ఆ రాత్రి ఏడ్చాను.

మా వారు మెతక. ఆఫీసు మెట్లెక్కితే ఆయన గొంతు లోపలికి పోతుంది. దరఖాస్తు నేనే రాసి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. అసలు ఏమని రాసుకున్నారో ముందు నకలు ఇమ్మన్నాం. పోయినవాళ్ళ నకలు వారసులకే ఇస్తామన్నాడు గుమాస్తా. నేనే వారసుణ్ణన్నారు మా వారు. అయితే మీ అమ్మగారు పోయినట్టు మీరే ఒప్పుకున్నట్టు కదండీ అన్నాడతను. ఆవిడ బతికుంది, అలా రాసుకోండి అన్నాను నేను. పుట్టినవాళ్ళకొక పుస్తకం, పోయినవాళ్ళకొక పుస్తకం ఉన్నాయి గాని ఊరికే బతికుండేవాళ్ళకు తమ దగ్గర పుస్తకం లేదట. కావాలంటే కొత్తగా పుట్టినట్టు రాయించుకోండి, పసిపిల్లల కింద సగం రేషనన్నా వస్తుందన్నాడు. వెక్కిరిస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. పాపం, సాయం చేద్దామనే చెబుతున్నాడు.

నేను కదలకుండా కూచునేసరికి విసిగిపోయి చివరికి నకలు తీసిచ్చాడు. రాయించింది బాబాయిగారని అప్పుడు తెలిసింది. ఆయన, పోయినావిడ, ఇద్దరూ శానిటరీ ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చి చెబితే తప్ప ఆ మాట కొట్టేయడానికి వీల్లేదన్నారు.

గుమ్మం తొక్కొద్దన్నారు గనక నేను బాబాయిగారి కొట్టు ముందు వీధిలోనే నిలబడి సంగతంతా చెప్పాను. ఆయన ససేమిరా అన్నారు. తప్పుడు మరణం రాయించినందుకు జైల్లో వేస్తే ఎవరు దిక్కన్నారు. కాకి కోసం ఏడ్చానని తెలిస్తే వన్ టౌన్‌లో తలెత్తుకోలేనన్నారు. ఆఖరికి "ఎప్పటికైనా నిజమయ్యే మాటే గదమ్మా, కాస్త ముందు రాయించాను. ఉండనిద్దూ" అన్నారు. ఇక నాకు ఆగలేదు. వీధిలో జనం ఉన్నారని కూడా చూడలేదు.

"మీ అక్కగారు అన్నం మానేశారు బాబాయిగారూ. తన పేరున బియ్యం లేకుండా తింటే విస్తళ్ళు ఎక్కువైనట్టేనట."

ఆయన చేతిలో చీర మడత సగంలో ఆగిపోయింది. ఆ మాట ఎవరన్నారని నన్ను అడగలేదు. రేపు పొద్దున జట్కా తీసుకుని వస్తాను, తయారుగా ఉండమను అన్నారు, అంతే.

మర్నాడు జట్కాలో అక్కాతమ్ముళ్ళు చెరోవైపు చూస్తూ కూచున్నారు. ఆఫీసులో ఇన్‌స్పెక్టరు శవాన్ని చూశారా అని బాబాయిగారిని అడిగాడు. చూడలేదన్నారు. మరి పోయారని ఎలా తెలిసిందన్నాడు. పాలమనిషి చెప్పింది, ఏడుపొచ్చింది, వచ్చి రాయించానన్నారు. జ్వరంతో పోయారని రాయించారు, ఏం జ్వరమని అడిగితే, ఆ ఏడుపులో ఏదో ఒకటి చెప్పానన్నారు. కాకి సంగతి బయటికొచ్చేసరికి గుమాస్తా కలం కింద పెట్టి, నడినెత్తిన తన్నిందా అండీ, పక్కనా అని అత్తయ్యనడిగాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని కసురుకుని, తను మాత్రం ఓసారి తల తడుముకున్నాడు. కాకి అని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరని, సమాచారం పొరపాటు అని రాసుకున్నాడు. జైలు మాట ఎత్తలేదు.

రేషను కార్డుకు రాసి పంపడానికి ఇంకొక్కటి కావాలన్నాడు. "ఈవిడ ఎవరి పోషణలో ఉన్నారు?"

మా వారు నోరు తెరిచారు. అత్తయ్య తల దించుకుని పైటకొంగు అంచు నలుపుతూ కూచుంది. ఈలోపు బాబాయిగారు కుర్చీలోంచి లేచారు.

"ఎవరి పోషణలోనూ లేదండీ. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొయ్యి దగ్గర మా అక్కే. నేనూ, నా పిల్లలూ, ఆ మాటన్న మా అమ్మా, అందరం ఈవిడ వండితే తిన్నాం. మమ్మల్నందరినీ ఈవిడే పోషించింది. అలా రాసుకోండి."

ఆ మాటేమిటో ఇన్‌స్పెక్టరుకు తెలీదు. అలా రాయడానికి గడి లేదండీ అని గొణిగి, ఉన్న గడి ఖాళీగా వదిలేశాడు. అన్నది కన్నతల్లేనని నాకు ఆ క్షణం దాకా తెలియదు. మా వారికీ తెలియదనుకుంటాను, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అత్తయ్య వేలిముద్ర వెయ్యమన్న చోట వేసి, సిరా అంటిన వేలు చాచి పట్టుకునే జట్కా ఎక్కింది.

కార్డు మీద పేరు మళ్ళీ ఎక్కడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం అత్తయ్య తమ్ముడి పక్కన పీట వాల్చుకుని కూచుంది. నేను ఇద్దరికీ అన్నం వడ్డించాను. ఆవిడ పప్పు కలుపుకుని, మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఈ మాట నీ నోట వినడానికి నేనొకసారి చావాల్సొచ్చిందిరా" అని, ముద్ద నోట్లో పెట్టుకుంది.