అత్త ఆవులు, గురువుగారి పటం

మొన్న కృష్ణగిరి వెళ్తూ ధాబాలో రొట్టెల కోసం కూర్చుంటే, గోడ మీది పటం చూసి నాకు నవ్వు ఆగలేదు. సిక్కుల మొదటి గురువు చిన్ననాటి కథ అది. పశువులు కాసే పిల్లవాడు చెట్టు నీడన నిద్రపోతుంటే, అవి పక్కవాళ్ళ పైరులో పడి హాయిగా మేస్తుంటాయి.

హోసూరులో మాకు పటాలకు ఫ్రేములు కట్టే అంగడి ఉండేది. అలాంటి పటాలే రెండు, ఇంటికొకటి, లారీకొకటి అని ఒక పంజాబీ డ్రైవరు తెచ్చిన రోజున మా మేనత్త అక్కడే ఉంది. జవళగిరిలో ఆవులు మేపుకునే మనిషి, అలిగి మా ఇంటికి వచ్చేసింది. తప్పు, నిజం చెప్పాలంటే, ఆవిడ కునుకుదే. చింతచెట్టు కింద నడుం వాల్చి లేచేసరికి ఆవులు తోడికోడలి క్యాబేజీ తోట సగం నమిలేశాయి. ఊరందరి ముందు తోడికోడలు "నిద్రమొహమా" అన్నదట. అంతే, ప్రాణంగా ఉండే ఇద్దరికీ మాటల్లేవు. అత్త మా ఇంట్లో కంచం ముందు కూర్చుని ఆవిడను తిట్టేది, తిడుతూనే కళ్ళు తుడుచుకునేది. ఆవిడ పక్కన లేకపోతే అత్తకు ముద్ద దిగదని మాకందరికీ తెలుసు.

"ఏమప్పా, ఆవులు పైరంతా తినేస్తా ఉండాయే! తరవాత ఏమాయ?" అని అత్త డ్రైవరును పట్టుకుంది. అతను తన వచ్చీరాని తమిళంలో, నేను తెలుగులో, కలిసి కథ చెప్పాం. పొలం ఆసామి ఫిర్యాదు చేశాడు, ఊరిపెద్ద తన మనుషులను పంపి చూపించాడు, తీరా చూస్తే ఒక్క ఆకైనా తగ్గలేదు. అత్త ముఖం విచ్చుకుంది.

"అంత సామికే కునుకొచ్చిందా! ఇంగ నేనెంత?"

"సామి కాదమ్మా, గురువు," అన్నాడతను నవ్వుతూ. లారీకని తెచ్చిన పటం అత్తకే ఇచ్చేశాడు. చేస్తున్న పనులన్నీ పక్కనపెట్టి దానికి ఫ్రేము కట్టాను.

ఆ సాయంత్రమే పటం మోసుకుంటూ అత్త వెంట బస్సెక్కాను. దారిలో తళి ఊళ్ళో దిగి అత్త క్యాబేజీ నారు కొన్నది. మమ్మల్ని చూసి తోడికోడలు గడపలోనే మూతి తిప్పుకుంది. అత్త కథంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పి, "ఆ గురువు మహిమకు పైరు మళ్ళా లేచింది. నాకాడ మహిమ యాడుండాదక్కా? నారు తెచ్చినాను. పా, నాటుదాం," అంది.

ఆవిడ పటం చూసింది, నారు చూసింది, పకపకా నవ్వింది. "పటం ఈడనే ఉండనీ. మళ్ళా నిద్రపోతే చూపిస్తాను!"

నా సంతోషం ఇంతా అంతా కాదు. మర్నాడు ఇద్దరూ నడుములు పట్టేదాకా నాటారు. క్యాబేజీ మళ్ళీ చేతికొచ్చింది. మాట్లాడుకోకుండా పోగొట్టుకున్న రోజులు మాత్రం మళ్ళీ మొలవవని వాళ్ళకు తెలిసినట్టుంది, ఇప్పటికీ ఇద్దరూ కబుర్లలో పడితే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే.