రెండుంబావు గంటల ప్రయాణం

2006లో నేను అనకాపల్లిలోని ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు చార్జి సిస్టరును. ఇంటికి వెళ్ళే రోగులకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాసిచ్చి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవడం చార్జి సిస్టరు బాధ్యత. మందు వేళల దగ్గర నేను కొంచెం గయ్యాళినే. ఆయాలు నన్ను చూడగానే గోడ గడియారం వైపు చూసేవాళ్ళు.

కోటవురట్ల నుంచి వచ్చే సుగుణమ్మకు కండరాలు తొందరగా అలిసిపోయే జబ్బు. నాలుగు గంటలకొక మాత్ర పడాల్సిందే. ఆలస్యమైతే ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మాట ముక్కులోంచి వస్తుంది, ఆపైన గుటక పడదు. అదీ దాటితే ఊపిరి ఆడదు. కువైట్‌లో ఉన్న చెల్లెలి పురుటికి వెళ్తానంటే డాక్టరుగారు పరీక్ష చేసి, ప్రయాణం చెయ్యొచ్చని సర్టిఫికెట్ ఇచ్చారు.

టికెట్టు చూశాను. హైదరాబాదులో పదిన్నరకు బయలుదేరి, కువైట్‌లో పన్నెండు ముప్పావుకు దిగుతుంది. రెండుంబావు గంటలని లెక్కేశాను. "పది గంటల మాత్ర ఎక్కే ముందు, రెండు గంటల మాత్ర దిగాక" అని రాశాను. కుదుపులకు గొంతుకు అడ్డం పడుతుందేమోనని, "విమానంలో ఏమీ మింగకూడదు" అని కూడా రాసి కింద గీత గీశాను.

"మీరెలా సెప్తే అలాగే సేత్తాను సిస్టరమ్మా, ఒక్క ముక్క తప్పను" అంది సుగుణమ్మ.

ప్రయాణం రోజు పదకొండున్నరకు మా క్లర్కు యేసురత్నంతో ఈ ఏర్పాటు గురించి గొప్పగా చెప్పుకున్నాను. అతని బావమరిది కువైట్‌లో డ్రైవరు.

"రెండుంబావేటి సిస్టరుగారూ! ఆళ్ళ టైము మనకన్నా రెండున్నర గంటలు ఎనక. టికెట్టు మీద ఎక్కడి టైము అక్కడిదే ఏత్తారు. దగ్గర దగ్గర అయిదు గంటలు కూకోవాల" అన్నాడు.

మళ్ళీ లెక్క కట్టాను. ఆమె దిగేది మన మూడుంబావుకు, బయటికొచ్చేసరికి నాలుగు దాటుతుంది. విమానం లేచి అప్పటికే గంటయింది.

ఎదురుగా ఉన్న ఐఎస్‌డీ బూతుకు పరిగెత్తాను. ఆమె కాగితాల్లో ఉన్న కువైట్ నంబరుకు చేస్తే, సుగుణమ్మ మరిది, అంటే ఆ చెల్లెలి భర్త, ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. బయటికి రాగానే మాట్లాడించమని, గొంతు మారి ఉంటే నోట్లో ఏమీ వెయ్యకుండా సర్టిఫికెట్టుతో సహా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. డాక్టరుగారికి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఇంక చెయ్యగలిగింది లేదన్నారాయన. రెండింటికి వార్డులో మాత్రలు ఇస్తూ ప్రతి రోగి రెప్పల వైపూ చూశాను. ప్రార్థన చేద్దామన్నా మాటలు కుదరలేదు. ఆమె పోతే చంపింది నేనే అన్న భయం తప్ప లోపల మరేమీ లేదు.

అయిదున్నరకు ఫోనొచ్చింది.

"తలకాయ నిలబెట్టలేకపోయింది సిస్టరుగారూ, సొంగ కారిపోతంది. ఆసుపత్రికి అట్టుకెల్లిపోనాను. ఇంజక్షనిచ్చేరు, ఇప్పుడు ఊపిరి బానే ఆడతంది" అన్నాడు మరిది. మళ్ళీ, "గుప్పిట్లో మాత్రుందండి. రెండయినకాణ్ణించీ అట్టుకునే కూకుందట. దిగేక ఏసుకోమని సిస్టరమ్మ రాసేరంది" అన్నాడు.

ఆ తర్వాత ఈ జబ్బుతో ప్రయాణం చేసే ఏ రోగికీ నేను గడియారం వేళలు రాయలేదు. "కిందటి మాత్ర వేసుకున్న నాలుగు గంటలకు" అని రాసేదాన్ని. ఎంతసేపు గాలిలో ఉంటారో టికెట్లిచ్చేవాళ్ళనే అడిగేదాన్ని. రోగి నా మాట తు.చ. తప్పకుండా వింటే చాలనుకునేదాన్ని. ఎప్పుడు వినకూడదో చెప్పడం కూడా నా పనేనని అప్పుడు తెలిసింది. రిటైరయ్యేదాకా ఈ జబ్బున్నవాళ్ళకు ఇచ్చే ప్రతి కాగితం మీదా ఆఖరున ఒక వాక్యం నా చేత్తో రాశాను: "రెప్పలు బరువెక్కితే, పైన నేనేం రాసినా సరే, మాత్ర వేసుకో."